దవాఖానా అర్ర తలుపు

శాలిబండ,
24 జులై 2025

చిరంజీవి మేధకు,

అత్తయ్య ఆశీస్సులు. ఉత్తరం చూసి గుండె బాదుకోకు, ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. నా చెవి మిషను మళ్ళీ మొరాయించింది. ఫోనులో నువ్వు ఒకటి అడిగితే నేను ఇంకోటి చెప్తున్నాను. మీ కొండల్లోనేమో గాలి వీచిన వైపు సిగ్నలంటావు. ఇద్దరు చెవిటివాళ్ళు సంత చేసుకున్నట్టు ఎందుకు? ఉద్యోగం చేసినన్నాళ్ళూ బడిపిల్లల చేత లేఖలు రాయించిన తెలుగు టీచర్ని, ఇప్పుడు నేనే రాస్తాను.

లాల్‌దర్వాజ బోనాలు బాగా జరిగాయి. మాన్యకు జనంలో ఊపిరాడక పక్కింటి అరుగు మీద కూర్చుంది. మీ అన్న వేదాంత్ మాత్రం పెళ్ళానికి నీళ్ళిచ్చే నెపంతో వెళ్ళి అక్కడే పకోడీలు తింటూ ఉండిపోయాడు.

ఇక అసలు సంగతి. నువ్వు ఉద్యోగం మానేస్తానంటున్నావని వాడే చెప్పాడు. ఆ ఊరి ఆసుపత్రే కాదు, వైద్యమే వద్దంటున్నావట. ఏం జరిగిందంటే మాట దాటేశాడు. నాకు చెప్పకూడనిదా?

నువ్వు ఎవరి ఇంటి పిల్లవో ఒకసారి గుర్తు చేస్తాను. మీ ముత్తాత, అంటే మా తాత రామానుజం, ఈ ఇంట్లోనే డాక్టరు. వీధి వైపు గదిని మనం ఇప్పటికీ దవాఖానా అర్ర అనే అంటాం. ఆయన మందులు నూరిన రాతి కల్వంలో మాన్య ఇవాళ అల్లం దంచుతోంది. పెత్రమాస అమావాస్య నాడు భోజనాలయ్యాక ఆ అర్ర వీధి తలుపు బార్లా తీసే అలవాటు మన ఇంట్లో ఉంది కదా, నువ్వు అందులో బతుకమ్మ పూలు గుట్టలు పోసుకునేదానివి. ఆయన చెయ్యి పడితే చావు గుమ్మం దిగి వెళ్ళిపోయేదని, ఒక్క రోగి కూడా ఆయన చేతిలో పోలేదని మా నాన్న చెప్పేవాడు.

ఆయన కథంతా వెతికి నీకు రాస్తాను. చదివాక మానేయాలనిపిస్తే అప్పుడు చూద్దాం.

వేళకు తిను. తడి జుట్టుతో పడుకోకు.

మీ అత్తయ్య,
కోమలవల్లి

*

జోడువాగు,
4 ఆగస్టు 2025

అత్తయ్యకు నమస్కారాలు.

నీ అక్షరాలు చూస్తే నవ్వొచ్చింది. పరీక్ష పేపరు మీద మార్కులు వేస్తున్నట్టే ఉన్నాయి. ఇక్కడ వాన ఆగడం లేదు. బట్టలు ఆరవు. నర్సు స్వరూప తన గదిలోనే తాడు కట్టి నా బట్టలు కూడా వేస్తోంది.

నీకు చెప్పకూడనిదేమీ కాదు, నోరు రాలేదు. జూన్ చివర్లో సోంబాయి అనే ఆమెను కాన్పుకు తెచ్చారు. వాగు పొంగి అంబులెన్సు అవతలే ఆగిపోయింది. భర్త లింగు, గూడెంవాళ్ళు మంచం మీద మోసుకొచ్చారు. ఆడపిల్ల పుట్టింది, గట్టిగా ఏడ్చింది. తర్వాత తల్లికి రక్తం ఆగలేదు. నాకు తెలిసినవన్నీ చేశాను అత్తయ్యా. పెద్దాసుపత్రికి పంపాలంటే వాగు దాటాలి. ఆమె నా చెయ్యి పట్టుకునే ఉంది, పట్టు ఎప్పుడు వదిలేసిందో నాకు తెలియలేదు.

ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. మర్నాడు లింగు మా ఆసుపత్రి దుప్పటి ఉతికి, మడత పెట్టి తెచ్చి ఇచ్చాడు.

అప్పటినుంచి ఎవరి నాడి పట్టుకున్నా ఆ చెయ్యే గుర్తొస్తోంది. సిటీలో ఒక బీమా కంపెనీ ఉద్యోగం ఇస్తానంటోంది. రోగుల కాగితాలు చూసి సరేనో కాదో రాయడమే పని. రోగి ఎదురుగా ఉండడు. సెప్టెంబరు నెలాఖరులోగా నా మాట చెప్పాలి.

ఇలాంటప్పుడు ఒక్క రోగినీ పోగొట్టుకోని తాతగారి గురించి రాస్తావా? మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టుంది. ఆయన చేతికి అంత మహిమ ఉంటే అది నా దాకా రాలేదు.

కోపం లేదు. అలసటగా ఉంది.

మేధ

*

శాలిబండ,
18 ఆగస్టు 2025

చిరంజీవి మేధకు,

నీ ఉత్తరం చదివి కుదురుగా ఉండలేకపోయాను. ఆ సోంబాయి తల్లి ఉందో లేదో, ఉంటే ఆమె పరిస్థితి ఏమిటో అని ఆలోచిస్తూ పాలు పొంగబెట్టాను. నువ్వు నన్ను వెతకొద్దనలేదు కాబట్టి వెతికాను. మూతి వాసన చూడమనడానికి కాదు, నీకు తోడుగా ఒక డాక్టరు ఉంటాడని.

అటక మీది రేకు పెట్టె దింపించాను. వేదాంత్ తుమ్ములతో ఇల్లు ఎగిరిపోయింది. అందులో తాత డాక్టరు పట్టా దొరికింది, అంతా ఉర్దూలో ఉంది. మా బడిలో ఉర్దూ చెప్పిన రజియా ఆపా వచ్చి కళ్ళద్దాలు తుడుచుకుని చదివింది. "మీ దాదా సచ్చా డాక్టరే కోమలా, పాస్ అయిండు, నంబర్లు గూడ మంచిగున్నయి" అంది. ఒక ఫొటో కూడా ఉంది. షేర్వాణీ, తల మీద ఎర్ర టోపీ, నుదుట నిలువు నామాలు. మూడూ ఆయనకు నప్పాయి.

వంశవృక్షం గీద్దామనుకున్నాను. మన ఇంట్లో పాత పేర్లు కాగితం మీద ఎక్కడున్నాయి? మగవాళ్ళ నోళ్ళలో ఉన్నాయి. పెత్రమాస నాడు పెరట్లో పెద్దలకు నువ్వులు నీళ్ళు వదులుతూ చెప్పేవే. ఆ వేళ మేం వంటింట్లో గారెలు వేస్తూ ఉంటాం కనుక, ఇన్నేళ్ళ జీవితంలో ఆ పేర్లు నేను ఒక్కసారీ పూర్తిగా వినలేదు. వేదాంత్‌ను సోఫాలో కూర్చోబెట్టి అప్పజెప్పమన్నాను. మీ నాన్న దగ్గర నువ్వుల పళ్ళెం పట్టుకుని నిలబడి నేర్చుకున్నవే, ఎక్కాల్లా గడగడా చెప్పాడు.

మీ నాన్న నందకిశోర్, మా నాన్న వరదాచారి, డాక్టరు తాత రామానుజం. తర్వాత అమ్మల వరస. అక్కడితో ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. మహేశ్వరి, ఆగయ్య, కైలాసం, బాలనర్సు, ఇంకా ఎవరెవరో, అందరికీ మన శ్రీవత్స గోత్రమే చెప్పాడు. తాత పిల్లలో తమ్ముళ్ళో చిన్నప్పుడే పోయారు కాబోలని అందరినీ చెట్టుకు తగిలించాను.

చివరి పేరు దగ్గర నా కలం ఆగిపోయింది. సకీనాబీ. అదీ మన గోత్రమే! మీ అన్నయ్య ఇన్నాళ్ళూ అది సంస్కృతం అనుకున్నాడట.

ఇంక చెప్పేదేముంది? తీగ లాగితే డొంకంతా కదిలింది. మన గోత్రంలో సకీనా ఎలా వచ్చిందో ఊహించుకో. తాత ఫొటో మళ్ళీ చూశాను. ఆ టోపీ ఓరగా పెట్టుకోవడం, ఆ మీసం... ఇంకో సంసారం ఉండేదేమో. మా నాన్న గుట్టుగా ఉంచి, నీళ్ళు మాత్రం వదులుతూ వచ్చాడేమో. ఈ సంగతి మాన్యకు చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

నీకు తోడుగా మంచి తాతను పంపుదామనుకుంటే ఇలా తేలాడు. ఇక వెతకను.

మీ అత్తయ్య,
కోమలవల్లి

*

జోడువాగు,
29 ఆగస్టు 2025

అత్తయ్యకు,

రెండు నెలల్లో మొదటిసారి పగలబడి నవ్వాను. స్వరూప పరుగెత్తుకొచ్చి "ఏమైంది మేడం, పాము గిట్ల వచ్చిందా?" అని అడిగింది. ముత్తాతకు ఇంకో సంసారం ఉందట అంటే, "అయ్యో, గా కాలంల అందరికి ఉండె" అని నీ తాతను ఓదార్చింది.

కానీ నువ్వు సకీనాబీని చూసి మిగతావాళ్ళను వదిలేశావు. నుదుట నిలువు నామాలు పెట్టుకునే ఇల్లు మనది. నాకు మేధ అని పెట్టినందుకే, అందులో దేవుడెక్కడున్నాడని మలక్‌పేట నానమ్మ గొడవ పెట్టిందన్నావు. రామానుజం, వరదాచారి, నందకిశోర్, కోమలవల్లి, అన్నీ వైష్ణవుల పేర్లే. అలాంటి ఇంట్లో కైలాసం, మహేశ్వరి అని శివుడి పేర్లు ఎవరు పెట్టారు? ఆగయ్య, బాలనర్సు మన చుట్టాల్లో ఏ తరంలో ఉన్నారు? నువ్వు చెట్టుకు తగిలించినవాళ్ళలో ఒక్కరికీ పెళ్ళి లేదు, పిల్లలు లేరు. వాళ్ళు మన కొమ్మలు కారేమో అత్తయ్యా.

ఎవరైతేనేం. నేను కంపెనీకి వస్తానని చెప్పేశాను. అక్టోబరు మొదట్లో చేరాలి. ఉత్తరంలో అన్ని మాటలూ రాసి ఇది రాయకపోతే దాచినట్టవుతుంది.

లింగు బిడ్డను ఎత్తుకుని ఇప్పటికే చాలాసార్లు వచ్చాడు. వచ్చినప్పుడల్లా నేను లేనని స్వరూప చేత చెప్పిస్తున్నాను. కిటికీ సందులోంచి చూస్తూ ఉంటాను. కాసేపు అరుగు మీద కూర్చుని వెళ్ళిపోతాడు. ఏమడుగుతాడో నాకు తెలుసు. సోంబాయి ఎందుకు పోయిందనే.

నన్ను మార్చాలని చూడకు. తాతగారిని కూడా వదిలేయ్, పాపం.

మేధ

*

శాలిబండ,
10 సెప్టెంబరు 2025

చిరంజీవి మేధకు,

నువ్వు వదిలేయమన్నావు. నీ ముత్తాతను వదిలేసేదాన్నేమో, కైలాసాన్ని వదల్లేకపోయాను. పిల్ల కనిపెట్టింది టీచరుకు కనబడలేదంటే ఎంత నామోషీ!

నిమజ్జనం అయ్యేదాకా మా వీధిలోంచి కదిలే వీల్లేకపోయింది. సోమవారం ఆటో కట్టించుకుని మలక్‌పేట వెళ్ళాను. నువ్వు నానమ్మ అని పిలిచే మా మేనత్త లక్ష్మీకాంతమ్మ డాక్టరు తాత ఆఖరి కూతురు. తొంభై దాటినా గుర్రప్పందేల రోజున బయట ట్రాఫిక్ ఎంత ఉందో కిటికీలోంచి చూసి అందరికీ చెప్తుంది. తలుపులు వేసి, గొంతు తగ్గించి, తాతకు ఇంకో సంసారం ఉండేదా అని అడిగాను.

"అయ్యో పిచ్చి మొద్దా!" అని నా నెత్తి మీద ఒకటి వేసింది. "మా నాయినకు ఉన్న ఒక్క సంసారానికే పుర్సత్ లేకుండె. ఇంకోటా?"

పేర్లు చదివాను. వింటూ వింటూ ఆవిడ నవ్వు ఆపేసింది.

"వరదన్న ఇయ్యన్ని నందుకు నేర్పిండా! వాళ్ళు మనోళ్ళు గాదే కోమలా. మా నాయిన చేతుల్ల పోయినోళ్ళు."

మేధా, ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"మహేశ్వరి అంటె చార్మినార్ కాడి గాజుల దుకాణపోళ్ళ పిల్ల. కలరాల పోయింది. గదే మొదలు. మా నాయిన అర్రకు తాళం ఏసి, ఇగ నాతోని కాదు, కచేరిల ఏదన్న నౌకరి జూసుకుంట అన్నడంట. మా నాయినమ్మ ఊకుంటదా? పెత్రమాస వచ్చింది. ఆ పిల్లకు గూడ రెండు నీళ్ళిడువు, ఇడిసొచ్చి అన్నం తిను, తిని తలుపు తియ్ అన్నది. నువ్వు లోపట కూసోని ఏడుస్తె బయట కూసున్నోళ్ళను ఎవ్వలు జూడాలె అన్నది. గంతే. గప్పటి సంది ఏటేట ఆ పేరు జెప్పేటోడు. ఎవ్వలన్న పోతే ఇంకో పేరు కలిపేటోడు."

మరి గోత్రం మనదెందుకు చెప్పారని అడిగాను.

"అయ్యవారు గదే లొల్లి బెట్టిండు. వాళ్ళ కులమేందో గోత్రమేందో తెల్వకుంట ఎట్ల చెప్పాలె అన్నడు. మా నాయిన, నా చేతుల్ల పోయిన్రు, నా గోత్రమే చెప్పుండ్రి అన్నడు."

తాత నోటి మాట అది. అది తెలియక నేను వాళ్ళందరినీ చెట్టుకు తగిలించాను. ఇప్పుడు తీసేయాలని లేదు, ఉండనీ అనిపిస్తోంది.

సకీనాబీ పోయేనాటికి మా మేనత్త చిన్నపిల్లట. జట్కా ఖాసిం భార్య. కాన్పులో పోయింది మేధా, రక్తం ఆగక. ఖాసిం జట్కా మీద ఎటో పోయి ఉన్నాడు, కబురు అందుకుని తాత నడుచుకుంటూ వెళ్ళేసరికి ఆలస్యమైంది. నెల తర్వాత ఖాసిం వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. తాత మొహం చూపించలేక లోపల గదిలో దాక్కున్నాడట. మా మేనత్త అది కళ్ళారా చూసింది.

"ఖాసింమాము బయట నుంచే ఒర్రిండు. డాక్టర్‌సాబ్, మీరు నడుసుకుంట వచ్చేసరికి దేర్ అయింది, ఇగ ఏ ఇంటికైనా నేనే తీసుకపోత, జల్ది పోదాం అన్నడు. మా నాయిన బయటికి వచ్చి గాయన్ని పట్టుకోని ఏడ్సిండు. సచ్చేదాక ఆ జట్కాలనే తిరిగిండు."

అయితే ఒక్క రోగీ పోలేదని మా నాన్న ఎందుకు చెప్పాడని అడిగాను. ఆవిడ మూతి తిప్పింది. "మా అన్నకు షాన్ మస్తు. బయట జెప్పుకునేది గది, లోపట నీళ్ళిడిసేది గిది."

వచ్చేటప్పుడు ఆటోలో ఏడుస్తూనే ఉన్నాను. డ్రైవరు కంగారుపడి "అమ్మా, దవాఖానకు పోనియ్యాల్నా?" అని అడిగాడు. ఇంటికే పోనియ్యి, అది కూడా దవాఖానే అన్నాను.

చావుకు అందని తాతను నీ మీదికి ఎక్కించాను, తప్పు నాదే. నీకు తోడు రావలసినవాడు గదిలో దాక్కున్న ఈ తాత. ఇక నేనేమీ అనను. కంపెనీలో చేరినా నువ్వు మా మేధవే, నీకిష్టమైన పులిహోర చేస్తాను. పెత్రమాస ఈ నెల ఇరవై ఒకటిన.

మీ అత్తయ్య,
కోమలవల్లి

*

జోడువాగు,
16 సెప్టెంబరు 2025

అత్తయ్యా,

ఇది ఆదివారం లోపు అందాలని స్వరూప తమ్ముడి చేత ఆసిఫాబాద్ పంపి స్పీడ్ పోస్టు చేయిస్తున్నాను. తొందరలో రాస్తున్నాను, కొమ్ములు దీర్ఘాలు చూడకు.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. చదివి ఇంకా మడవలేదు, స్వరూప వచ్చి "లింగు వచ్చిండు మేడం, మీరు లేరని చెప్పాల్నా?" అంది. ఉన్నానని చెప్పు అన్నాను.

అరుగు మీదికి వెళ్ళాను. అతను లేచి నిలబడ్డాడు. బిడ్డ కళ్ళు తెరిచి ఎగిరే పురుగునో దేన్నో చూస్తోంది. నేను క్షమించమని అనేలోపే అతను అడిగాడు.

"డాక్టరమ్మా, పొల్లకు మేకపాలు పట్టొచ్చునా? గూడెంల పట్టమంటున్నరు. నేను మిమ్ముల అడిగినంకనే పడత అన్న."

అంతే అత్తయ్యా. అదొక్కటి అడగడానికి అన్నిసార్లు వాగు దాటి వచ్చాడు. నేను కిటికీ వెనక నిలబడి అతని నోట్లో ఏవేవో మాటలు పెట్టుకున్నాను. ఇన్నాళ్ళూ ఆ పిల్లకు ఏం పట్టారో అడగాలంటే భయమేసింది. చెల్లెలి దగ్గర పాలు తాగించాడట, ఇప్పుడు ఆమెకు చాలడం లేదు. బిడ్డను తూచాను. బరువు తక్కువ, కానీ గట్టి పిల్ల. మేకపాలు వద్దని, డబ్బా పాలు ఎలా కలపాలో అతని చేతనే కలిపించి చూపించాను. వారం వారం తీసుకురమ్మన్నాను.

అప్పుడు సోంబాయి గురించి చెప్పాను. ఏం జరిగిందో, నేనేం చేశానో, ఏది చేయలేకపోయానో అంతా. తల వంచుకుని విన్నాడు. తర్వాత "మీరు చెయ్యి ఇడ్వలేదు గద. మా చెల్లె చూసిందంట" అన్నాడు. ఆ మాట దగ్గర ఇద్దరం ఏడ్చాం.

కంపెనీకి రాలేనని రాశాను. ధైర్యం వచ్చిందని కాదు. నేను మళ్ళీ లేనని చెప్పించుకుంటే ఇంకెవరికో పాలు తక్కువవుతాయి.

అన్నయ్యకు చెప్పు. సకీనాబీ తర్వాత ఇంకో పేరు. సోంబాయి.

గోత్రం మనదే చెప్పమను.

మేధ

*

శాలిబండ,
21 సెప్టెంబరు 2025

చిరంజీవి మేధకు,

నీ ఉత్తరం నిన్ననే అందింది. కొమ్ములు దీర్ఘాలు అన్నీ సరిగానే ఉన్నాయి.

ఈసారి గారెల పిండి పక్కన పెట్టేసి పెరటి గుమ్మంలో నిలబడ్డాను. మాన్య కూడా వచ్చి నా వెనక నిలబడింది. తంతు చేయించే అయ్యవారు ఏదో అనబోయి, నా మొహం చూసి ఊరుకున్నాడు. ఆయన నా దగ్గరే ఏడో తరగతి చదివాడులే.

మీ అన్నయ్య ఎప్పట్లా గడగడా చెప్పలేకపోయాడు. ఎవరెవరో తెలిశాక ఒక్కొక్క పేరు దగ్గర ఆగాడు. మహేశ్వరికి ఆగాడు, బాలనర్సుకు ఆగాడు. సకీనాబీకీ నీళ్ళు వదిలాడు. తర్వాతి పేరు వాడికి తెలుసు, అయినా నా వైపు చూశాడు. నేను గుమ్మంలోంచి గట్టిగా చెప్పాను. మన ఇంట్లో ఆ వేళ ఆడగొంతు వినబడడం అదే మొదలు. సోంబాయికి నీళ్ళు వదిలాడు. అయ్యవారు గోత్రం అడగలేదు, మేం చెప్పాం.

కైలాసం ఎవరో, ఆగయ్య ఎవరో మలక్‌పేట అత్తయ్యకు కూడా గుర్తులేదు. సోంబాయి ఎవరో మాత్రం మన ఇంట్లో ఇక ఎవరూ మరిచిపోరు. రేపు వేదాంత్ తన పిల్లలకు పేర్లు నేర్పేటప్పుడు, ఎవరో ఎందుకో కూడా చెప్పి నేర్పిస్తాను. నా మనవలు మళ్ళీ తాతకు రెండో సంసారం అంటగట్టకూడదు కదా.

నాన్న పోయాక తలుపు తీయడం మీ నాన్న పని, ఆయన పోయాక వేదాంత్ పని. ఇవాళ భోజనాలయ్యాక వాడు ఆకులు తీస్తుంటే నేనే వెళ్ళి దవాఖానా అర్ర గడియ తీశాను. వానలకు తలుపు ఉబ్బి ఉంది, భుజంతో నెట్టాల్సి వచ్చింది. వీధిలో పిల్లలు తంగేడు పూలు మోసుకుపోతున్నారు. అరుగు మీద ఎవరూ లేరు. అయినా కాసేపు అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

ఇవాళ ఆదివారమే అయినా, అక్కడ నీ తలుపు కూడా ఈపాటికి తీసే ఉంటావు.

మీ అత్తయ్య,
కోమలవల్లి